కడుపునొప్పి వస్తే ముందు బండి ఎక్కుదాం, దారిలో ప్రార్థిద్దాం

 

ప్రతి వారం ఒక వాక్యభాగం తీసుకుని ధ్యానిస్తాం. ఈ వారం ఒక రోగం గురించి మాట్లాడాలనుకుంటున్నాను. వైద్యులు దాన్ని అపెండిసైటిస్ అంటారు. మన పెద్దవాళ్ళు మాత్రం "ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి" అని పిలిచేవారు. ఆ పేరు పెట్టినవాళ్ళు డాక్టర్లు కాకపోయినా రోగాన్ని బాగా గమనించినవాళ్ళు. పేరులోనే ఒక గడియారం పెట్టి పోయారు. ఒక పగలు, ఒక రాత్రి గడిచేలోపు ఏదో ఒకటి చేయాలి, లేకపోతే మనిషి దక్కడు అని వాళ్ళ భావం.

ఇప్పుడు ఆ పేరును కొందరు వేరేలా అర్థం చేసుకుంటున్నారు. ఇరవై నాలుగు గంటలు ఓర్చుకుంటే అదే పోతుందని. ఇంకొందరు ఆ ఇరవై నాలుగు గంటలనూ ప్రార్థనతో నింపుతున్నారు. ఈ రెండో మాట గురించి పాస్టరుగా నేను మాట్లాడక తప్పదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. కడుపునొప్పితో ఉన్న మనిషికి ప్రార్థన కావాలి. అయితే ఆ ప్రార్థన ఆసుపత్రికి వెళ్ళే దారిలో జరగాలి, వెళ్ళకుండా ఆగడానికి కారణం కాకూడదు. ఇది విశ్వాసం తగ్గినవాడి మాట కాదు. ఎందుకో వాక్యంలో నుండే చూపిస్తాను. ముందు రోగాన్ని అర్థం చేసుకుందాం.

లోపల జరిగేది ఏమిటి?

మన పెద్దపేగు మొదలయ్యే చోట, కడుపు కింది భాగంలో కుడివైపున, చిటికెన వేలు లాంటి ఒక చిన్న తోక ఉంటుంది. అదే అపెండిక్స్. బడి పుస్తకాల్లో ఉండుకం అని రాస్తారు. అది ఒకవైపు మూసుకున్న గొట్టం. గట్టిపడిన మలం ముక్క గానీ, లోపలి గోడ వాపు గానీ దాని నోటిని మూసేస్తే లోపల ఊరే ద్రవం బయటికి పోలేదు. సూక్ష్మక్రిములు పెరుగుతాయి, గొట్టం ఉబ్బుతుంది. ఉబ్బే కొద్దీ దాని గోడకు రక్తం అందదు. రక్తం అందని గోడ కుళ్ళుతుంది, ఆ తర్వాత చిల్లు పడుతుంది. జామకాయ గింజలు మింగినందుకే వచ్చిందని పిల్లలను తిడతాం గానీ, గింజ వల్ల రావడం చాలా అరుదు.

నొప్పి మొదట కుడివైపు రాదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. మొదట బొడ్డు చుట్టూ, లేదా బొడ్డుకు పైన, ఫలానా చోట అని చెప్పలేని నొప్పి వస్తుంది. అపెండిక్స్ నుండి వెళ్ళే నరాలు, బొడ్డు దగ్గరి చర్మం నుండి వెళ్ళే నరాలు వెన్నుపాములో ఒకే అంతస్తుకు చేరతాయి. అందుకే మెదడు దాన్ని బొడ్డు నొప్పిగా లెక్కవేస్తుంది. కొన్ని గంటలు గడిచాక వాపు కడుపు లోపలి పొరను తాకుతుంది. అప్పుడు నొప్పి దిగి కుడివైపు కింద కుదురుకుంటుంది. వేలితో చూపించగలిగేంత స్పష్టంగా ఉంటుంది.

మన ఊళ్ళలో బొడ్డు చుట్టూ నొప్పి అనగానే "బొడ్డు జారింది" అంటారు. నూనె రాసి కడుపు పిసుకుతారు. ఉబ్బిన అపెండిక్స్ ఉన్న కడుపును పిసకడం ఎంత ప్రమాదమో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

గుర్తుపట్టాల్సిన సంగతులు

సాధారణంగా కనిపించే వరుస ఇది.

ఒకటి, ముందు నొప్పి, ఆ తర్వాత వాంతి. వాంతులు, విరేచనాలతో మొదలై ఆపైన నొప్పి వస్తే అది తిన్నది పడకపోవడం కావచ్చు. నొప్పి ముందు వచ్చి గంటలు గడిచాక వాంతి వస్తే జాగ్రత్తపడాలి.

రెండు, అన్నం మీద ఇష్టం పోతుంది. బిడ్డకు ఎంతో ఇష్టమైనది పళ్ళెంలో పెట్టినా వద్దంటాడు.

మూడు, నొప్పి బొడ్డు నుండి కుడివైపు కిందికి దిగుతుంది.

నాలుగు, కదిలితే నొప్పి పెరుగుతుంది. దగ్గినా, నడిచినా, ఆటో గుంతలో పడినా ప్రాణం పోయినంత పని అవుతుంది. పిల్లవాడు వంగి నడుస్తాడు, కాళ్ళు ముడుచుకుని పడుకుంటాడు. ఒంటికాలి మీద గెంతమంటే గెంతలేడు.

ఐదు, కొద్దిపాటి జ్వరం. మొదట్లో ఎక్కువ ఉండదు. జ్వరం లేదు కాబట్టి ఏం కాదులే అనుకోకూడదు.

ఈ వరుస అందరిలోనూ ఒకేలా ఉండదని కూడా గుర్తుంచుకోండి. అపెండిక్స్ పేగు వెనక ఉంటే నొప్పి నడుము పక్కన రావచ్చు. కిందికి దిగి ఉంటే మూత్రంలో మంట, మాటిమాటికీ విరేచనం అనిపించవచ్చు. గర్భిణికి నొప్పి కొంచెం పైన రావచ్చు. ముసలివాళ్ళకు నొప్పీ జ్వరమూ తక్కువగానే కనిపిస్తాయి, లోపల మాత్రం రోగం ముదిరి ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లలు ఎక్కడ నొప్పో చెప్పలేరు. అందుకే చిన్నబిడ్డల్లో రోగం తెలిసేసరికే చిల్లు పడి ఉండడం ఎక్కువ.

ఆడబిడ్డల గురించి ఒక మాట. వయసు వచ్చిన అమ్మాయి కడుపు నొప్పి అంటే "నెలసరి నొప్పిలే, మాకు రాలేదా" అని అమ్మ, అత్త, అవ్వ అందరూ కలిసి పడుకోబెడతారు. అది అపెండిసైటిస్ కావచ్చు. అండాశయం మెలిపడి ఉండవచ్చు. పెళ్ళైన స్త్రీకి నెల తప్పి ఉంటే గర్భసంచికి బయట గొట్టంలో గర్భం నిలిచి పగిలి ఉండవచ్చు. ఈ మూడింటికీ ఆలస్యం లేకుండా వైద్యం కావాలి. సిగ్గుపడి దాచవలసిన నొప్పి కాదిది. తల్లులారా, మీ కూతురు నెల నెలా వచ్చే నొప్పికీ ఈ నొప్పికీ తేడా ఉందని చెప్తే ఆమె మాట నమ్మండి.

నొప్పి తగ్గిందని సంతోషించే క్షణం

ఈ రోగంలో అన్నిటికంటే మోసకరమైన గడియ ఒకటుంది. అపెండిక్స్‌కు చిల్లు పడినప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది. కొందరికి దానితో నొప్పి కూడా తగ్గినట్టు అనిపిస్తుంది. రాత్రంతా అరిచిన మనిషి తెల్లవారుజామున కాస్త నెమ్మదిస్తాడు. చుట్టూ మోకరించినవాళ్ళు స్తోత్రాలు చెప్తారు. అప్పటికే చీము, మలినం కడుపులో పారుతూ ఉంటాయి.

మన కడుపు లోపల గోడలనూ పేగులనూ కప్పుతూ ఒక పలుచని పొర ఉంటుంది. దాన్ని పెరిటోనియం అంటారు. చీము దాని మీద పడితే ఆ పొర అంతా వాస్తుంది. అదే పెరిటోనైటిస్. అప్పుడు నొప్పి ఒక చోట ఉండదు, కడుపంతా పాకుతుంది. కడుపు పలకలాగా గట్టిపడుతుంది. చేయి ఆనించనివ్వరు. మనిషి కదలకుండా బిగుసుకుని పడుకుంటాడు. నాలుక ఎండుతుంది, నాడి వేగంగా కొట్టుకుంటుంది, జ్వరం పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, మాట తడబడుతుంది. క్రిములు రక్తంలో చేరితే మూత్రపిండాలు, ఊపిరితిత్తులు ఒక్కొక్కటిగా చేతులెత్తేస్తాయి. చిల్లు పడకముందు చేసేది చిన్న ఆపరేషన్, రెండు మూడు రోజుల్లో ఇంటికి రావచ్చు. చిల్లు పడ్డాక కడుపు కడగాలి, గొట్టాలు పెట్టాలి, రోజుల తరబడి సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించాలి. అప్పటికీ దక్కుతారని ఎవరూ గట్టిగా చెప్పలేరు.

పెరిటోనైటిస్ అపెండిక్స్ వల్ల మాత్రమే రాదు. మన దగ్గర నాపరాయి గనుల్లో, పాలిష్ బండల ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలు, అక్కలు నడుమునొప్పికి, కాళ్ళనొప్పులకు రోజూ మాత్రలు మింగుతున్నారు. అంగడిలో చీటీ లేకుండానే దొరుకుతాయి. ఖాళీ కడుపున నెలల తరబడి వేసుకుంటే ఆ మాత్రలు జీర్ణకోశంలో పుండు చేస్తాయి. పుండు ఒక రోజు చిల్లు పడుతుంది. అప్పుడు కడుపు పైభాగంలో కత్తి దించినట్టు ఒక్కసారిగా నొప్పి వస్తుంది. టైఫాయిడ్ ముదిరినా పేగుకు చిల్లు పడవచ్చు. కారణం ఏదైనా, కడుపు పలకలా గట్టిపడితే అర్ధగంట కూడా ఆగకూడదు.

ఇంట్లో చేయకూడనివి

ఆముదం గానీ, విరేచనాల మందు గానీ, ఎనిమా గానీ ఇవ్వకండి. ఉబ్బిన గొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది. కడుపు పిసకకండి, వాతలు పెట్టకండి, వేడి కాపడం పెట్టకండి. ఊళ్ళో ఒక నొప్పి ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టకండి. నొప్పి అణుగుతుంది, రోగం అణగదు. ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి నొప్పి తగ్గించే మందు ఇస్తే అది వేరు, దానికి భయపడనక్కరలేదు. అనుమానం వచ్చాక అన్నం, టీ, జ్యూస్ పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. చివరిసారి ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో గుర్తుంచుకుని చెప్పండి. షుగరు, బీపీ మాత్రలు వాడేవాళ్ళయితే ఆ చీటీ వెంట తీసుకెళ్ళండి.

ఇప్పుడు కొందరికి ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్‌తో వైద్యం చేస్తున్న మాట నిజమే. అమెరికాలో జరిగి 2020లో ప్రచురించబడిన ఒక పెద్ద అధ్యయనంలో అలా మందులతో మొదలుపెట్టినవారిలో పదిమందిలో ముగ్గురికి మూడు నెలల్లోపే ఆపరేషన్ చేయవలసి వచ్చింది. మిగతావారికి అప్పటికి అవసరం పడలేదు. అయితే స్కానింగ్ చూసి, ఎవరికి ఆ మార్గం పనికొస్తుందో నిర్ణయించి, దగ్గరుండి కనిపెట్టి చేసే వైద్యం అది. అంగట్లో నాలుగు మాత్రలు కొనుక్కుని ఇంట్లో పడుకోవడానికి దాన్ని సాకు చేసుకోకూడదు.

వాక్యం ఏమి చెబుతోంది?

ఆసుపత్రి మాట ఎత్తితే కొందరు విశ్వాసులు రాజైన ఆసాను చూపిస్తారు. దినవృత్తాంతముల రెండవ గ్రంథం 16వ అధ్యాయంలో అతడు పాదాల జబ్బులో యెహోవాను విచారించక వైద్యులను ఆశ్రయించాడని ఉంది. ఆ అధ్యాయాన్ని మొదటి నుండి చదవండి. ఆసా అప్పటికే దేవుని విడిచి సిరియా రాజు మీద ఆధారపడ్డాడు. గద్దించిన ప్రవక్తను చెరసాలలో వేయించాడు. దేవుని వైపు చూడడం మానేసిన మనిషి అతడు. అతని తప్పు వైద్యుని పిలవడం కాదు, దేవుని పిలవకపోవడం. ఆ రెండూ కలిపి చేయకూడదని అక్కడ ఎక్కడా లేదు.

మార్కు 5లో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని కూడా చూపిస్తారు. ఆమె వైద్యుల దగ్గర ఉన్నదంతా ఖర్చు చేసిందని వాక్యం జాలితో చెబుతోంది, నిందతో కాదు. ప్రభువు ఆమెను ఎందుకు వైద్యుల దగ్గరికి వెళ్ళావని అడగలేదు. అదీకాక ఆమెది పన్నెండేళ్ళ జబ్బు, మనం మాట్లాడుతున్నది గంటల జబ్బు.

ఇప్పుడు హిజ్కియాను చూడండి. రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయం. మరణకరమైన రోగం వచ్చింది. కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఇంకా పదిహేనేళ్ళు ఇస్తానన్నాడు. మూడో రోజున మందిరానికి వెళ్తావన్నాడు. వాగ్దానం వచ్చేసింది. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఉంది కదా, ముద్ద ఎందుకని ఎవరూ అడగలేదు. వాగ్దానం చేసిన దేవుడే ముద్దను కూడా వాడుకున్నాడు. పౌలు వెంట ప్రయాణాల్లో ఉన్న లూకా వైద్యుడే. తిమోతి కడుపు జబ్బుకు పౌలు తాను ప్రార్థిస్తున్నానని మాత్రమే రాయలేదు, ఏం తీసుకోవాలో కూడా రాశాడు. యాకోబు 5లో సంఘ పెద్దలను పిలిపించి నూనె రాసి ప్రార్థన చేయమని ఉంది. పెద్దలను పిలిచినవాడు ఇంకెవరినీ పిలవకూడదని అక్కడ లేదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది మత్తయి 4. సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీదికి తీసుకెళ్ళి దూకమన్నాడు, దూతలు పట్టుకుంటారన్నాడు. వాక్యమే చూపించి మరీ అడిగాడు. ప్రభువు దూకలేదు. దేవుని శోధించకూడదని జవాబిచ్చాడు. దిగడానికి మెట్లు ఉన్నప్పుడు దూకి దేవుని పరీక్షించడం విశ్వాసం కాదు. ఫోన్ చేస్తే 108 వచ్చే రోజుల్లో, ఆపరేషన్‌తో బాగయ్యే రోగానికి, ఆపరేషన్ లేకుండానే బాగుచేయమని దేవునికి షరతు పెట్టడం కూడా అలాంటిదే అని నా నమ్మకం.

పెద్దలకు కూడా తప్పలేదు

ఒకప్పుడు ఈ రోగానికి పేరు కూడా లేదు. 1886లో అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ నొప్పికి మూలం అపెండిక్స్ అని స్పష్టంగా చూపించి, అపెండిసైటిస్ అనే పేరు పెట్టాడు. 1900లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే పేరుపొందిన శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఈ రోగంలో ఆరితేరినవాడు. ఆయన చిన్న కూతురు అదే రోగంతో, చిల్లు పడి, ఆ ఏడు చనిపోయింది. రెండేళ్ళు తిరిగేసరికి రాజు ఏడవ ఎడ్వర్డ్‌కు అదే నొప్పి వచ్చింది. 1902 జూన్ 26న పట్టాభిషేకం. లోకమంతటి నుండి అతిథులు దిగారు. రాజు వాయిదా వేయడానికి ఒప్పుకోలేదు. ట్రీవ్స్ పట్టుబట్టాడు. జూన్ 24న ఆపరేషన్ చేసి చీము తీశాడు. ఆగస్టు 9న పట్టాభిషేకం జరిగింది. కిరీటం ఆగింది గానీ రోగం ఆగలేదు. మన ఇంట్లో పెళ్ళి ఉందనో, శనగ కోతలు ఉన్నాయనో, పరీక్షలు ఉన్నాయనో వాయిదా వేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన దేశంలో గాంధీగారి సంగతి అందరికీ తెలియదు. ఆయన 1909లో రాసిన హింద్ స్వరాజ్ పుస్తకంలో డాక్టర్లను, ఆసుపత్రులను తీవ్రంగా విమర్శించారు. 1924 జనవరిలో ఎరవాడ జైలులో ఉండగా ఆయనకు అపెండిసైటిస్ వచ్చింది. పూణెలోని సాసూన్ ఆసుపత్రికి తరలించారు. జనవరి 12 రాత్రి కల్నల్ మాడక్ అనే ఆంగ్లేయ వైద్యుడు ఆపరేషన్ చేశాడు. ఆయన ఎవరి పాలనతో పోరాడుతున్నారో ఆ ప్రభుత్వపు డాక్టరే. బయట ఉరుములు, మెరుపులు. మధ్యలో కరెంటు పోయింది. లాంతరు వెలుగులో ముగించారు. ఫిబ్రవరి 5న ఆయనను విడుదల చేశారు. ఆసుపత్రులను అంతగా విమర్శించిన మనిషి కూడా ఆ రాత్రి సంతకం పెట్టి బల్ల ఎక్కారు. ఆయన తర్వాత 24 ఏళ్ళు బ్రతికారు.

మన ప్రాంతపు క్రైస్తవులమైన మనం ఆసుపత్రిని అవిశ్వాసుల స్థలంగా చూడడం మరీ విడ్డూరం. పక్కనే జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి లండన్ మిషన్ వారి సేవలో నుండి పుట్టింది. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కూగ్లర్ డాక్టరు, 1900లో వేలూరులో చిన్న వైద్యశాలతో మొదలుపెట్టిన ఇడా స్కడ్డర్ డాక్టరు, వీళ్ళంతా ఒక చేతిలో బైబిలు, ఒక చేతిలో మందుల పెట్టె పట్టుకునే వచ్చారు. మన తాతముత్తాతలు సువార్త విన్నదీ, గాయాలకు కట్టు కట్టించుకున్నదీ చాలాచోట్ల ఒకే ఆవరణలో.

భయం, డబ్బు, అనుమానం

ఆసుపత్రికి వెళ్ళకపోవడానికి ప్రతిసారీ విశ్వాసమే కారణం కాదని నాకు తెలుసు. చాలా ఇళ్ళల్లో అసలు కారణం డబ్బు, దానికి ప్రార్థన అనే పేరు పెడతాం. కూలికి పోతే గానీ పొయ్యి వెలగని ఇంట్లో "ఆసుపత్రికి వెళ్దాం" అనే మాట అప్పు మాటే. ఇంకో అనుమానం కూడా ఉంది. "కడుపు నొప్పని పోతే అపెండిసు అని కోసేస్తారన్నా" అంటారు. అవసరం లేకున్నా కోసే చోట్లు ఉన్నాయన్న భయం ఉత్తదని నేను అనను. ఆ భయానికి మందు ఇంట్లో ఉండిపోవడం మాత్రం కాదు. రక్తపరీక్ష, స్కానింగ్ చేశారా, స్కానింగ్‌లో ఏం కనిపించింది, ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు, ఆగితే ఏమవుతుంది అని అడగండి. సమాధానం నచ్చకపోతే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి చూపించండి. ఆసుపత్రి నుండి ఆసుపత్రికి వెళ్ళండి, ఆసుపత్రి నుండి ఇంటికి మాత్రం రాకండి.

మన దగ్గర మొదట కొలిమిగుండ్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ ఆపరేషన్ చేయరు గానీ చూసి పైకి పంపుతారు. పైన తాడిపత్రి, బనగానపల్లె ప్రభుత్వ ఆసుపత్రులు, నంద్యాల సర్వజన వైద్యశాల, ఇంకా అవసరమైతే కర్నూలు. కర్నూలు వంద కిలోమీటర్ల పైమాటే. అందుకే మనం పట్నంవాళ్ళకంటే ముందే బయలుదేరాలి. వాళ్ళకు అర్ధగంట దారి, మనకు రెండు మూడు గంటల దారి. ఇరవై నాలుగు గంటల లెక్కలో మన దారిని కూడా కలుపుకోవాలి. 108 ఉచితం. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న కార్డు ఉంటే చేరిన చోట ఆరోగ్యమిత్రను అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ఆపరేషన్‌కు డబ్బు కట్టనక్కరలేదు.

సంఘంగా మనం ఏం చేద్దాం?

లూకా 10లో మంచి సమరయుడు చేసినదాన్ని మళ్ళీ చదివాను. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన పశువు మీద ఎక్కించాడు. పూటకూళ్ళ ఇంటికి చేర్చాడు. రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. తెల్లారి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. ప్రథమ చికిత్స, బండి, చేర్చడం, తోడు, బిల్లు. ఈ ఐదూ సంఘం చేయగలిగినవే.

కాబట్టి కొన్ని తీర్మానాలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది. కడుపు నొప్పికి ప్రార్థన చేయమని ఫోన్ వస్తే, ఎప్పటి నుండి, ఎక్కడ, వాంతి జ్వరం ఉన్నాయా, నడవగలుగుతున్నారా అని ముందు అడగాలి. జకరీ కోప్ అనే శస్త్రవైద్యుడు 1921లోనే ఒక సూత్రం రాశాడు. బాగున్న మనిషికి వచ్చిన తీవ్రమైన కడుపునొప్పి ఆరు గంటలు దాటితే అది ఆపరేషన్ దాకా వెళ్ళే రోగం కావచ్చని. ఆరు గంటలు మన హద్దు. పెరుగుతున్న నొప్పి అయితే, కడుపు గట్టిపడితే ఆ ఆరు గంటలు కూడా ఆగవద్దు.

రెండోది. మంచం చుట్టూ పొడవైన ప్రార్థన వద్దు. ఒక నిమిషం ప్రార్థించి బండి ఎక్కిద్దాం. దారంతా, ఆపరేషన్ గది బయటా ఎంతసేపైనా ప్రార్థిద్దాం. శ్రమల దినాల్లో ఉపవాసం ఉన్నవారికి నొప్పి వస్తే ఉపవాసం వల్లే అని సరిపెట్టుకోవద్దు.

మూడోది. ప్రతి ఆదివారం కానుకలో కొంత వేరుగా తీసి ఆపద నిధి పెడదాం. అర్ధరాత్రి చేతిలో రెండు వేలు లేక ఆగిపోయిన ఇల్లు మన సంఘంలో ఉండకూడదు. బండి ఉన్న అన్నల ఫోన్ నంబర్లు మందిరం తలుపు మీద రాయిద్దాం. మగవాళ్ళు పనికి దూరం వెళ్ళిన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తోడుగా ఎవరు వెళ్తారో స్త్రీల సమాజం ముందే అనుకోవాలి. "ఆయన రానీ, అడిగి పోదాం" అనే మాట ఈ నొప్పికి పనికిరాదు.

నాలుగోది సాక్ష్యాల గురించి. ఆపరేషన్ లేకుండానే నొప్పి పోయిందని ఒకరు సాక్ష్యం చెప్తే మందిరమంతా హల్లెలూయ అంటాం. ఆపరేషన్ అయి బ్రతికి వచ్చినవారు వెనక వరుసలో తలవంచుకుని కూర్చుంటారు. కడుపునొప్పుల్లో చాలా వరకు అపెండిసైటిస్ కావు, అవి వాటంతటవే పోతాయి. దానికీ దేవునికి స్తోత్రమే. కానీ ఆ సాక్ష్యం విన్న ఇంకొకరు తమ బిడ్డకు నిజంగా చిల్లు పడుతున్న రాత్రి "మన దేవుడు చేయడా" అని ఆగిపోతే ఆ బిడ్డకు ఎవరు జవాబు చెప్తారు? ఇకనుండి కుట్లు వేయించుకుని వచ్చినవారిని కూడా ముందుకు పిలుద్దాం. డాక్టరు చేతికి నేర్పు ఇచ్చినవాడు, మత్తు మందును కనిపెట్టే తెలివి ఇచ్చినవాడు, రాత్రి రెండింటికి డ్రైవరును లేపినవాడు కూడా మన దేవుడేనని వాళ్ళ నోట విందాం.

చివరిగా ఒక మాట. ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి నొప్పితో ఒక మనిషి పోయి ఉంటే, ఆ ఇంటివారిని "మీకు విశ్వాసం చాలలేదు" అని గానీ, "తొందరగా తీసుకెళ్ళలేదు" అని గానీ ఎవరూ అనవద్దు. రెండూ పచ్చి పుండు మీద కారం చల్లడమే. యోబు స్నేహితులు నోరు తెరవక ముందు ఏడు రోజులు పక్కన కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. మనమూ కూర్చుందాం. రాబోయే నొప్పికి మాత్రం ముందే సిద్ధపడదాం.

మన శరీరాలను ఆశ్చర్యంగా నిర్మించిన ప్రభువు, వాటిని కాపాడుకునే జ్ఞానాన్ని మనకు దయచేయును గాక. రాత్రివేళ ఆసుపత్రుల్లో మేలుకుని ఉన్న డాక్టర్లను, నర్సమ్మలను, 108 సిబ్బందిని బలపరచును గాక. మన సంఘంలో ఏ తల్లీ ఏ బిడ్డా మన ఆలస్యం వల్ల పోకుండా కాపాడును గాక. ఆమేన్.